ఆన్‌లైన్ తరగతిలో ఎవరూ ఒంటరిగా మిగలకుండా: కళాశాల అధ్యాపకులకు దశలవారీ మార్గదర్శి

లైవ్ క్లాసు నడుస్తూ ఉంటుంది. తెర నిండా నల్లటి గళ్లు, ఒక్కో గడిలో ఒక పేరు. "అర్థమైందా?" అని అడుగుతాం. ఉలుకూ పలుకూ ఉండదు. కాసేపటికి చాట్‌లో ఎవరో "యెస్ సర్" అని పెడతారు. వెంటనే మరో నలుగురు అదే మాట దించేస్తారు. గంట అయిపోతుంది, గళ్లు ఒక్కొక్కటిగా మాయమైపోతాయి. వాళ్లలో ఎవరికి పాఠం ఎక్కిందో, ఎవరు ఫోను పక్కన పడేసి వేరే పనిలో ఉన్నారో, ఎవరు వారం రోజులుగా కోర్సు మానేద్దామా అని మథనపడుతున్నారో మనకు తెలియదు. ఇంకా బాధ కలిగించే సంగతేమిటంటే, పక్క గడిలో ఉన్నది ఎవరో వాళ్లలో వాళ్లకే తెలియదు.

నేను ఆన్‌లైన్‌లో పాఠాలు మొదలుపెట్టిన తొలి సెమిస్టర్‌లో ఒక విద్యార్థి మూడో వారం నుంచి రావడం మానేశాడు. ఆ సంగతి నాకు తెలిసింది మార్కులు ఎక్కించేటప్పుడు. అతని గురించి తరగతిలో అడిగితే, అలాంటి పేరు ఉన్నట్టే ఒక్కరికీ గుర్తు లేదు. గొడవ పడలేదు, ఫిర్యాదు చేయలేదు, చెప్పి వెళ్లలేదు. అప్పటినుంచి ఏ కోర్సు తయారుచేసినా నేను పెట్టుకునే నియమం ఒక్కటే: రెండో వారం ముగిసేసరికి ప్రతి విద్యార్థికీ, తను కనిపించకపోతే "ఏమైంది?" అని అడిగే తోటివాళ్లు కనీసం ఇద్దరు ఉండాలి. ఈ మార్గదర్శి అంతా ఆ ఇద్దరిని ఎలా సమకూర్చాలన్న దాని గురించే.

దూరం నుంచి చదువు చెప్పడం కొత్తేమీ కాదు. 1840లో ఐజాక్ పిట్‌మన్ ఇంగ్లండ్‌లో షార్ట్‌హ్యాండ్ పాఠాలను పోస్టులో పంపేవాడు. విద్యార్థులు సాధన చేసి తిప్పి పంపిన కాగితాలను దిద్ది మళ్లీ వాళ్లకే చేర్చేవాడు. అవతల ఒక మనిషి తన అక్షరం చూస్తున్నాడన్న నమ్మకం ఆ తిరుగు టపాలో ఉండేది. 1969లో ఏర్పడిన బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ 1971లో తొలి విద్యార్థులకు బోధన మొదలుపెట్టింది. పాఠాలు టీవీలో, రేడియోలో వచ్చేవి. అయినా ప్రతి విద్యార్థికీ ఒక ట్యూటర్‌ను కేటాయించారు, వేసవిలో వారం రోజులు అందరూ ఒకచోట ఉండి చదువుకునే ఏర్పాటు చేశారు. వీడియో పాఠం ఒక్కటే సరిపోదని వాళ్లకు మొదటే తెలుసు.

2012 ప్రాంతంలో ఉచిత ఆన్‌లైన్ కోర్సులు వెల్లువెత్తినప్పుడు ఈ సంగతి చాలామంది మరిచిపోయారు. హార్వర్డ్, ఎంఐటీ కోర్సుల సమాచారాన్ని పరిశీలించి 2019లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం, 2017-18లో నమోదు చేసుకున్నవాళ్లలో కోర్సు పూర్తి చేసినవాళ్లు నూటికి ముగ్గురు. ఊరికే చూద్దామని చేరినవాళ్లు కూడా ఆ లెక్కలో ఉన్నారు కాబట్టి తప్పంతా కోర్సులదే అనలేం. కానీ పాఠం ఎంత మేలైనదైనా, దాని చుట్టూ మనుషులు లేకపోతే వదిలేయడం ఎంత తేలికో అక్కడ కనిపిస్తుంది.

## మొదటి దశ: కోర్సు మొదలవకముందు మూడో గడి నింపండి

దూరవిద్య పరిశోధకుడు మైకేల్ మూర్ 1989లో చదువులో జరిగే సంభాషణను మూడు రకాలుగా విడదీశాడు: విద్యార్థికీ పాఠానికీ మధ్య, విద్యార్థికీ అధ్యాపకుడికీ మధ్య, విద్యార్థికీ విద్యార్థికీ మధ్య. మీ సిలబస్ ముందు పెట్టుకుని, వారానికో వరుస చొప్పున, ఈ మూడు గళ్లతో ఒక పట్టిక గీయండి. మొదటి గడి నిండిపోతుంది: వీడియో, చదవాల్సిన అధ్యాయం, క్విజ్. రెండో గడిలో లైవ్ క్లాసు ఉంటుంది. మూడోది దాదాపు ప్రతి వారమూ ఖాళీగా కనిపిస్తుంది. క్యాంపస్‌లో ఆ ఖాళీని నడవాలు, క్యాంటీను, బస్సు ప్రయాణం నింపేస్తాయి, ఎవరూ ప్రణాళిక వేయనక్కర్లేదు. ఆన్‌లైన్‌లో మనం నింపకపోతే అది ఖాళీగానే ఉంటుంది.

ఆ మూడో గడిలో ప్రతి వారం ఒక్క పని చాలు. ఆ పని ఇంకొక మనిషి లేకుండా పూర్తి కానిదై ఉండాలి. "వీలైతే చర్చించుకోండి" అని రాస్తే ఎవరూ చర్చించుకోరు. అందులోనూ చదువుతో పాటు ఉద్యోగమో ఇంటి బాధ్యతో ఉన్నవాళ్లు, తప్పనిసరి కాని పనిని మొదట పక్కన పెట్టేస్తారు. అది వాళ్ల తప్పు కాదు.

చేరగానే ఒక చిన్న ఫారం పంపండి. మిమ్మల్ని ఏ పేరుతో పిలవాలి? ఆ పేరు ఎలా పలకాలి? ఫోనులో చూస్తారా, కంప్యూటర్‌లోనా? ఏ వేళల్లో ఖాళీగా ఉంటారు? ఈ కోర్సు గురించి దేనికి భయపడుతున్నారు? చివరి ప్రశ్నకు వచ్చే జవాబులు తప్పక చదవండి. నాకు వచ్చినవాటిలో ఎక్కువసార్లు కనిపించినది సబ్జెక్టు భయం కాదు, "చదువు ఆపేసి చాలా ఏళ్లయింది, అందరికంటే వెనకబడతానేమో" అన్న బెంగ. ఆ మాట రాసినవాళ్లు ఒకే తరగతిలో ఆరుగురు ఉంటారు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు, అంతే.

సందేశాలకు దారులు తగ్గించండి. ప్రకటనలకు ఒకటి, మాటామంతీకి ఒకటి. మూడోది పెడితే ఏది ఎక్కడ చెప్పారో వెతుక్కోవడంతోనే సరిపోతుంది.

## రెండో దశ: తొలి రెండు వారాలు

అన్నిటికంటే ఎక్కువ శ్రమ పెట్టాల్సింది ఇక్కడే. మొదటి రెండు వారాల్లో సిలబస్ కాస్త వెనకబడినా తర్వాత అందుకోవచ్చు. మొదటి రెండు వారాల్లో ఏర్పడని పరిచయం ఎనిమిదో వారంలో ఏర్పడటం చాలా కష్టం, ఎందుకంటే అప్పటికి మౌనంగా ఉండటం అలవాటై ఉంటుంది.

"మీ గురించి చెప్పండి" అని అడగవద్దు. అలా అడిగితే పేరు, డిగ్రీ, ఉద్యోగం, హాబీలు అంటూ బయోడేటా వస్తుంది. దానికి ఎవరైనా ఏమని బదులిస్తారు? బదులివ్వడానికి ఒక కొస దొరికే ప్రశ్న కావాలి. "ఈ మధ్య మీరు తప్పుగా అనుకుని, తర్వాత మార్చుకున్న అభిప్రాయం ఒకటి చెప్పండి." "మీరు ఇతరులకు నేర్పగలిగిన పని ఏమిటి?" "మీరు చదువుకునే చోట మీకు కనిపించే మూడు వస్తువులు చెప్పండి." చివరిది చిన్నపిల్లల ప్రశ్నలా అనిపిస్తుంది కానీ చాలా పనిచేస్తుంది. ఒకరు "పక్కనే ఉయ్యాల, అందులో మా పాప" అని రాస్తే, ఇంకో తల్లి వెంటనే జవాబిస్తుంది. ఆ ఇద్దరూ కోర్సు అయ్యేదాకా ఒకరికొకరు తోడు ఉంటారు.

మొదటి వారంలో ప్రతి పరిచయానికీ మీరే స్వయంగా బదులివ్వండి. అరవై మంది ఉంటే రెండు మూడు గంటలు పడుతుంది. సెమిస్టర్ మొత్తంలో మీరు పెట్టే గంటల్లో ఇంతకంటే ఫలం ఇచ్చేవి ఉండవు. "స్వాగతం" అని వదిలేయకుండా ఒకరిని ఇంకొకరికి కలపండి: "మీరు చెప్పిన ఇబ్బంది గురించే పైన మరొకరు రాశారు, ఒకసారి చూడండి."

తర్వాత తోడు కుదర్చండి. తరగతిని ముగ్గురేసి చొప్పున విడదీయండి. ఇద్దరైతే ఒకరు రాకపోతే రెండోవాళ్లు ఒంటరి అయిపోతారు, ముగ్గురైతే ఇద్దరైనా మిగులుతారు. ఫారంలో చెప్పిన ఖాళీ వేళల్ని బట్టి కలపండి, పేర్ల అక్షర క్రమంలో కాదు. రాత్రి పది తర్వాత మాత్రమే వీలయ్యేవాళ్లను పొద్దున చదివేవాళ్లతో కలిపితే మొదటి ఫోను కాల్ కూడా జరగదు. వాళ్లకు ఇచ్చే పని ఇలా ఉండాలి: పదిహేను నిమిషాలు మాట్లాడుకోండి, ఫోనైనా వీడియో అయినా ఫరవాలేదు, తర్వాత ఒక్కొక్కరూ మిగతా ఇద్దరినీ నాలుగు వాక్యాల్లో తరగతికి పరిచయం చేయండి. తన గురించి చెప్పుకోవడానికి సిగ్గుపడేవాళ్లు కూడా ఇంకొకరి గురించి బాగా రాస్తారు. దీనికి కొన్ని మార్కులు ఇవ్వండి. స్నేహానికి మార్కులేమిటని నేనూ మొదట్లో సంకోచించాను. మార్కులు ఆ మొదటి ఫోను చేయించడానికే, ఆ తర్వాత అవి ఎవరికీ గుర్తుండవు.

ఇంకొక్క పని ఉంది. గత ఏడాది ఇదే కోర్సు చదివినవాళ్ల ఉత్తరాలు మూడు నాలుగు మొదటి వారంలోనే చదివించండి. గ్రెగొరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ అనే అమెరికా మనస్తత్వవేత్తలు 2011లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, కాలేజీలో కొత్తగా చేరినవాళ్లకు సీనియర్ల అనుభవాలు ఇచ్చారు. "నేను ఇక్కడ ఇమడగలనా?" అన్న సందేహం మొదట్లో అందరికీ వస్తుంది, కాలంతో పాటు పోతుంది అన్నది వాటి సారాంశం. మొత్తం గంటసేపు పని. నల్లజాతి విద్యార్థుల మార్కులు ఆ తర్వాత మూడేళ్ల పాటు మెరుగుపడ్డాయి. నేను ఇక్కడివాణ్ని కానేమో అన్న అనుమానం ఎవరికి ఎక్కువగా ఉందో, వాళ్లకే ఈ ఉత్తరాలు ఎక్కువ అవసరం. ఆన్‌లైన్‌లో ఆ అనుమానం దాదాపు అందరిదీ. అందువల్ల సీనియర్ల చేత "కష్టపడితే ఫలితం ఉంటుంది" వంటి ప్రవచనాలు రాయించవద్దు. "నాలుగో వారంలో మానేద్దామనుకున్నాను, అప్పుడు ఇలా జరిగింది" అని రాయించండి.

## మూడో దశ: లైవ్ క్లాసులో నోరు విప్పించడం

ముందు మౌనం సంగతి. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో పాఠశాల తరగతులను పరిశీలించి, ప్రశ్న అడిగాక ఉపాధ్యాయులు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని గమనించింది. ఆ విరామం మూడు సెకన్లు దాటితే జవాబులు పొడవయ్యాయి, మాట్లాడేవాళ్లు పెరిగారు. ఆన్‌లైన్‌లో దీనికి నెట్ ఆలస్యం, మ్యూట్ తీసే సమయం, "నేను మాట్లాడనా, ఇంకెవరైనా మాట్లాడతారా" అన్న తటపటాయింపు తోడవుతాయి. మనసులో పది లెక్కపెట్టండి. మొదటిసారి ఆ పది సెకన్లు యుగంలా అనిపిస్తాయి. ఓర్చుకోండి.

"ఏమైనా సందేహాలున్నాయా?" అన్న ప్రశ్న మానేయండి. దానికి అందరూ ఇచ్చే జవాబు మౌనమే. బదులుగా, "ఇప్పటివరకూ చెప్పినదాంట్లో మీకు మసకగా ఉన్న ఒక్క మాట చాట్‌లో టైపు చేయండి, నేను చెప్పేదాకా పంపవద్దు" అనండి. నిమిషం ఆగి "పంపండి" అనండి. అందరి మాటలూ ఒక్కసారిగా జలజలా రాలతాయి. ముందు రాసినవాళ్లను చూసి దించేయడానికి వీలుండదు, తన ఒక్కరికే అర్థం కాలేదన్న సిగ్గూ ఉండదు. ఇరవై మంది ఒకే మాట రాస్తే, మళ్లీ చెప్పాల్సింది ఏమిటో మనకూ తెలుస్తుంది.

పాఠం మధ్యలో చర్చ పెట్టడానికి హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ 1991 నుంచి వాడుతున్న పద్ధతి ఆన్‌లైన్‌కు చక్కగా అతుకుతుంది. ఒక ప్రశ్న వేసి పోల్ పెట్టండి. ఫలితం చూపించవద్దు. తరగతిని బ్రేకౌట్ రూముల్లోకి, అంటే కొద్దిమందే విడిగా మాట్లాడుకునే చిన్న ఆన్‌లైన్ గదుల్లోకి పంపి, పక్కవాళ్లను ఒప్పించే ప్రయత్నం చేయమనండి. వెనక్కి వచ్చాక అదే ప్రశ్న మీద మళ్లీ పోల్. రెండో పోల్‌లో జవాబులు మారిన తీరు చూస్తే, పక్కవాళ్లతో మాట్లాడటం వల్ల ఏమి ఒరిగిందో వాళ్లకే కళ్లకు కడుతుంది.

బ్రేకౌట్ రూములంటే విద్యార్థులకు విసుగు ఎందుకో నాకు అర్థమవుతుంది. లోపలికి నెట్టేస్తారు, ఏం చేయాలో తెలియదు, ముగ్గురి కెమెరాలూ ఆపేసి ఉంటాయి, మాట్లాడుకునేలోపు సమయం అయిపోయి బయటికి లాగేస్తారు. దీనికి మందు ఇదే: పంపే ముందే పనిని రాసి చూపించండి. పదిమందిని కలిపి పంపవద్దు, ముగ్గురో నలుగురో చాలు. ఎనిమిది నిమిషాలకు తగ్గించవద్దు. ఎవరు మొదట మాట్లాడాలో మీరే చెప్పండి, "పుట్టినరోజు అందరికంటే ముందు వచ్చేవాళ్లు మొదలుపెట్టాలి" అంటే చాలు, మంచు కరుగుతుంది. బయటికి వచ్చేటప్పుడు ఉమ్మడి డాక్యుమెంట్‌లో ఒక వాక్యం రాసి రావాలి. వీలైనంతవరకు ప్రతిసారీ అదే ముగ్గురినీ కలపండి. కొత్త ముఖాలతో ప్రతిసారీ మొదటి నుంచీ మొదలుపెట్టడం అలసట.

కెమెరా గురించి గట్టిగానే చెబుతాను: బలవంతం చేయవద్దు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో చేసి 2021లో ప్రచురించిన సర్వేలో, కెమెరా ఆన్ చేయకపోవడానికి విద్యార్థులు చెప్పిన కారణాల్లో మొదటిది తాము ఎలా కనిపిస్తామోనన్న బెంగ. వెనకాల మనుషులు, గది కనిపిస్తాయన్న ఇబ్బంది, నెట్ సరిగా లేకపోవడం కూడా ఉన్నాయి. ఒకే గదిలో నలుగురు ఉండే ఇంట్లోంచి చదివే అమ్మాయిని కెమెరా పెట్టమని పదిమందిలో నిలదీస్తే, ఆమె మర్నాటి నుంచి రాదు. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన జెరెమీ బెయిలెన్సన్ అదే ఏడాది వీడియో కాల్ అలసటకు నాలుగు కారణాలు చెప్పాడు: అతి దగ్గరగా ఎదురెదురు చూపులు, సైగలు పోల్చుకోవడానికి పడే అదనపు శ్రమ, ఎంతసేపూ తన ముఖం తనకే కనిపించడం, కదలకుండా కూర్చోవాల్సి రావడం. పాఠమంతా కెమెరా అడిగే బదులు, మొదటి రెండు నిమిషాలు పలకరింపుకు, చిన్న గదుల్లో మాట్లాడేటప్పుడు, వీలైనవాళ్లను పెట్టమనండి. తమ ముఖం తమకు కనిపించకుండా చేసుకునే సెట్టింగ్ ఎక్కడుందో చూపించండి. గొంతు వినిపించినా, చాట్‌లో రాసినా, పోల్‌లో ఓటేసినా మనిషి ఉన్నట్టే.

క్లాసుకు పది నిమిషాల ముందు లింకు తెరవండి. అయ్యాక మరో పది నిమిషాలు ఉండండి, రికార్డింగ్ ఆపేసి. "ఒక్క మాట సర్" అనేది ఆ చివరి పది నిమిషాల్లోనే వినిపిస్తుంది.

## నాలుగో దశ: రాతపూర్వక చర్చలకు ప్రాణం పోయడం

"ఒక పోస్టు, రెండు రిప్లైలు" అన్న నిబంధన చర్చను చంపేస్తుంది. గడువు రోజు రాత్రి పదకొండున్నరకు నలభై పోస్టులు పడతాయి, ప్రతిదాని కిందా "మీ అభిప్రాయంతో ఏకీభవిస్తున్నాను, చాలా బాగా చెప్పారు" అని ఉంటుంది. ఎవరూ ఎవరిదీ చదవరు.

లోపం ప్రశ్నలో ఉంటుంది. సర్వేలో కొందరే లెక్కలోకి వచ్చి ఫలితం ఒక పక్కకు ఒరగడాన్ని నమూనా పక్షపాతం అంటారు. "నమూనా పక్షపాతం అంటే ఏమిటి? ఉదాహరణ ఇవ్వండి" అని అడిగితే జవాబు ఒక్కటే, మొదటివాళ్లు రాశాక మిగతావాళ్లకు చెప్పడానికి ఏమీ మిగలదు. అదే విషయాన్ని ఇలా అడగండి: "మీరు ఈ వారం చూసిన ఒక సర్వేనో రేటింగ్‌నో తీసుకోండి. అందులో ఎవరి గొంతు వినిపించలేదో ఊహించి రాయండి. తర్వాత మీ పైన రాసినవాళ్ల ఉదాహరణలో, వాళ్లు గమనించని ఇంకొక లోపం పట్టుకోండి." ఇప్పుడు ప్రతి జవాబూ వేరు, బదులివ్వాలంటే అవతలివాళ్లది చదవక తప్పదు. గడువు కూడా రెండుగా విడదీయండి: మొదటి పోస్టుకు బుధవారం, బదులుకు ఆదివారం.

అరవై మందిని ఒకే చోట వదలవద్దు. ఎనిమిది పది మంది చొప్పున విడదీస్తే పేర్లు గుర్తుంటాయి. ఆడియో అనుమతించండి, రాయడానికి జంకేవాళ్లు మాట్లాడతారు.

మీరు ప్రతి పోస్టుకూ జవాబివ్వవద్దు, ముఖ్యంగా మొదట్లోనే. అధ్యాపకుడు తీర్పు చెప్పేశాక చర్చ ఆగిపోతుంది. వారం చివర ఒక సారాంశం రాయండి. అందులో ఐదారుగురి పేర్లు చెబుతూ వాళ్ల మాటలను పాఠంతో ముడిపెట్టండి. పేర్లు వారం వారం మార్చండి, ఎవరి పేరు ఎప్పుడు వచ్చిందో చిన్న జాబితా ఉంచుకోండి. తన మాట పాఠంలో భాగమైందని చూసుకున్న విద్యార్థి మళ్లీ రాస్తుంది.

## ఐదో దశ: గ్రూప్ ప్రాజెక్టు గొడవ కాకుండా

మాక్స్ రింగెల్మన్ అనే ఫ్రెంచి ఇంజినీరు తాడు లాగే ప్రయోగాలు చేసి 1913లో ఫలితాలు ప్రచురించాడు. లాగేవాళ్లు పెరిగేకొద్దీ ఒక్కొక్కరి సగటు బలం తగ్గుతూ వచ్చింది. ఎనిమిది మందితో ప్రాజెక్టు ఇచ్చిన ప్రతి అధ్యాపకుడూ దీన్ని కళ్లారా చూసే ఉంటాడు. నలుగురు చాలు. ఐదుగురికి మించవద్దు.

పనిని ముక్కలు చేసి, ఒక్కొక్కరి దగ్గర ఒక్కో ముక్క ఉండేలా చూడండి. ఎలియట్ ఆరన్సన్ 1971లో టెక్సస్‌లోని ఆస్టిన్ పాఠశాలల కోసం రూపొందించిన జిగ్‌సా పద్ధతి ఇదే. వేర్వేరు జాతుల పిల్లలు తొలిసారి కలిసి కూర్చున్న ఉద్రిక్త సమయంలో, ఒకరి సాయం లేకుండా ఇంకొకరు నేర్చుకోలేని పరిస్థితి కల్పించాడు. ఆన్‌లైన్‌లో చేయడం తేలిక. నలుగురికి నాలుగు వేర్వేరు వ్యాసాలు ఇవ్వండి. ఒకే వ్యాసం వచ్చినవాళ్లు, వేర్వేరు జట్లవాళ్లు, ముందు ఒకసారి కలిసి దాన్ని అర్థం చేసుకుంటారు. తర్వాత ఎవరి జట్టుకు వాళ్లు తిరిగి వెళ్లి మిగతా ముగ్గురికీ చెబుతారు. జట్టుకు ఇచ్చే ప్రశ్నకు నాలుగు వ్యాసాలూ కలిస్తేనే జవాబు రావాలి. ఇందులో దాక్కోవడానికి చోటు లేదు. అన్నీ నెత్తిన వేసుకునే ఒక్కరి మీద భారం పడే అవకాశమూ తక్కువ.

జట్టు మొదటి పని ప్రాజెక్టు కాదు, ఒక పేజీ ఒప్పందం. ఎప్పుడు కలుస్తాం, ఎక్కడ మాట్లాడుకుంటాం, సందేశానికి ఎంతలోపు జవాబివ్వాలి, ఎవరికైనా వీలు కాకపోతే ఎలా చెప్పాలి, ఎవరైనా మూడు రోజులు పలకకపోతే ఏం చేస్తాం. ఆ చివరి ప్రశ్నకు ముందే జవాబు రాసుకున్న జట్లలో తర్వాత తగాదాలు తక్కువ. ప్రాజెక్టు సగంలో ఒకసారి, చివర ఒకసారి ఒక్కొక్కరి దగ్గరా నాలుగు వాక్యాల నోటు విడిగా తీసుకోండి: నేను చేసినది, మిగతావాళ్లు చేసినది. సగంలో తీసుకునే నోటే ముఖ్యం, అప్పుడు ఇంకా సరిదిద్దవచ్చు.

సెమిస్టర్ మధ్యలో జట్లు మార్చవద్దు. అందరూ అందరితో కలవాలన్న కోరిక మంచిదే, కానీ లోతు లేని ముప్పై పరిచయాల కంటే నమ్మకమున్న ముగ్గురు మేలు.

## ఆరో దశ: మీరు ఉన్నారని తెలియాలి

గారిసన్, ఆండర్సన్, ఆర్చర్ అనే ముగ్గురు కెనడాలో 2000లో ప్రతిపాదించిన నమూనాలో, ఆన్‌లైన్ తరగతి నిలబడాలంటే మూడు ఉనికులు కావాలన్నారు: బోధనకు సంబంధించినది, సామాజికమైనది, ఆలోచనకు సంబంధించినది. మొదటిది మీ చేతిలో ఉంది.

దానికి గంటలు గంటలు ఆన్‌లైన్‌లో ఉండనక్కర్లేదు. చెప్పిన వేళకు కనిపించాలి. సందేశాలకు ఒక రోజులో, అసైన్‌మెంట్లకు వారంలో జవాబిస్తానని మాట ఇవ్వండి, ఆ మాట నిలబెట్టుకోండి. సోమవారం పొద్దున ఒక చిన్న సందేశం, ఈ వారం ఏముంది, పోయిన వారం మీరు రాసినవాటిలో నాకు నచ్చింది ఏమిటి. స్టూడియో వీడియో వద్దు, ఫోనులో రెండు నిమిషాలు చాలు.

అసైన్‌మెంటు దిద్దాక ఒక నిమిషం వాయిస్ నోటు పంపి చూడండి. ఎర్ర గీతలు కఠినంగా కనిపిస్తాయి, అవే మాటలు గొంతులో మెత్తగా వినిపిస్తాయి. పేరుతో మొదలుపెట్టండి.

## ఏడో దశ: కనిపించనివాళ్లను వెతకడం

వారానికి ఇరవై నిమిషాలు దీనికే కేటాయించండి. నేను మంగళవారం చేస్తాను. ఎవరు వారంగా లాగిన్ అవ్వలేదు, ఎవరి మొదటి అసైన్‌మెంటు రాలేదు, ఎవరు చర్చలో ఒక్కసారీ కనిపించలేదు. ఎల్‌ఎంఎస్‌లో, అంటే కోర్సు నడిపే ఆన్‌లైన్ వ్యవస్థలో, ఈ సమాచారమంతా ఉంటుంది. కాకపోతే అది పూర్తి కథ కాదు. వీడియోలన్నీ డౌన్‌లోడ్ చేసుకుని ప్రయాణంలో చూసేవాళ్లు లెక్కల్లో కనబడరు. రోజూ లాగిన్ అవుతూ ఏమీ అర్థం కాక కుమిలిపోయేవాళ్లు బాగా చదువుతున్నట్టే కనిపిస్తారు. అంకె చూసి తీర్పు చెప్పవద్దు, అంకె చూసి పలకరించండి.

పలకరించే తీరులోనే అంతా ఉంది. "మీరు రెండు అసైన్‌మెంట్లు సమర్పించలేదు, వెంటనే వివరణ ఇవ్వగలరు" అన్న మెయిల్ అందుకున్నవాళ్లు దాన్ని మూసేస్తారు. ఇలా రాసి చూడండి:

"నమస్తే. పోయిన వారం క్లాసులో మీరు కనిపించలేదు, ఎలా ఉన్నారో కనుక్కుందామని రాస్తున్నాను. మొదటి వారంలో మీరు అడిగిన ప్రశ్న నాకింకా గుర్తుంది. పనుల ఒత్తిడి ఉంటే ఇప్పుడు అన్నీ పూర్తి చేయనక్కర్లేదు, మూడో పాఠం ఒక్కటి చూస్తే మిగతావాళ్లను అందుకోవచ్చు. వివరాలు చెప్పకపోయినా ఫరవాలేదు. 'ఉన్నాను' అని ఒక్క మాట రాయండి."

ఇందులో నింద లేదు, చేయాల్సిన పని ఒక్కటే, తిరిగి రావడానికి గడప ఎత్తు తక్కువ. రెండు రోజుల్లో జవాబు రాకపోతే ఆ విద్యార్థి జట్టులో ఒకరిని మామూలుగా పలకరించమనండి, కారణాలు తవ్వమని కాదు. అధ్యాపకుడికి జవాబివ్వనివాళ్లు స్నేహితుడికి ఇస్తారు.

జవాబులో తీవ్రమైన దిగులు, తనకు తాను హాని చేసుకునే ఆలోచన కనిపిస్తే, అది మీరు ఒక్కరే మోయాల్సిన బరువు కాదు. ఆ క్షణమే జవాబివ్వండి, మీ సంస్థలో కౌన్సెలింగ్ చూసేవాళ్లకు అదే రోజు అప్పగించండి, తర్వాత మళ్లీ కనుక్కోండి. ఆ నంబర్లు కోర్సు మొదటి పేజీలోనే ఉండాలి, అవసరమైనప్పుడు వెతుక్కునేలా ఉండకూడదు.

విద్యార్థులు తమలో తాము వాట్సాప్ గ్రూపు పెట్టుకుంటే సంతోషించండి, అందులో చేరవద్దు. మన గురించి విసుక్కునే చోటు కూడా వాళ్లకు కావాలి. అందులో చేరే లింకు ఎవరికైనా అందకుండా పోయిందేమో మాత్రం ఒకసారి అడగండి.

## తరగతిలో మూడు వందల మంది ఉంటే

పేరుపేరునా పలకరించడం ఒక్క మనిషి వల్ల కాదు. పాతిక మందికి ఒకరు చొప్పున సీనియర్లను పెట్టుకోండి. వాళ్ల పని పాఠం చెప్పడం కాదు, తమ పాతిక మందినీ ఎరిగి ఉండటం. పైన చెప్పిన మంగళవారం పని వాళ్లు చేసి, తేలనివి మీకు చెబుతారు. వాళ్ల శ్రమకు సంస్థ తగిన పారితోషికమో క్రెడిట్లో ఇవ్వాలి, ఉచిత సేవగా భావించడం అన్యాయం.

## ఎనిమిదో దశ: ఫలించిందో లేదో చూసుకోవడం

హాజరు శాతం ఈ విషయం చెప్పదు. సెమిస్టర్ సగంలో పేర్లు లేకుండా మూడు ప్రశ్నలు అడగండి. ఈ తరగతిలో మీకు పేరుతో తెలిసినవాళ్లు ఎంతమంది? పాఠం అర్థం కాకపోతే ముందు ఎవరిని అడుగుతారు? వారం రోజులు మీరు రాకపోతే గమనించేది ఎవరు? మూడో ప్రశ్నకు "ఎవరూ లేరు" అని ఎంతమంది రాశారో, మీరు ఇంకా చేయాల్సిన పని అంత ఉంది. ఫలితాలను తరగతికే చూపించండి. "మనలో పదకొండు మంది ఎవరూ లేరని రాశారు" అని చెప్పినప్పుడు, అప్పటిదాకా పలకనివాళ్లు కొందరు తమంతట తామే ముందుకు రావడం నేను చూశాను.

ఆఖరి వారంలో ఒక్క రాత పని పెట్టండి, మార్కులు లేకుండా. వచ్చే బ్యాచ్‌లో చేరబోయే, ముఖం తెలియని ఒకరికి ఉత్తరం. ఎక్కడ తడబడ్డారు, ఎప్పుడు మానేయాలనిపించింది, అప్పుడు ఎవరు పలకరించారు. అనుమతి ఇచ్చినవాళ్ల ఉత్తరాలను, పేర్లు తీసేసి, దాచుకోండి. మళ్లీ కోర్సు తెరిచే రోజున, స్వాగత సందేశం కంటే ముందు, వాటిలో మూడు పైన పెట్టండి.